చెట్టుకు అంత బరువు ఎక్కడిది?

కుండీలో నాటిన మొక్క రెండేళ్లలో పదింతలవుతుంది. కుండీలో మట్టి మాత్రం ఇంచుమించు మొదట పోసినంతే ఉంటుంది. కాస్త కిందికి దిగినట్టు కనిపించినా, అది చాలావరకు నీళ్లు పోసి పోసి అణిగినందువల్లే. మొక్క మట్టిని తిని పెరిగేదైతే ఈపాటికి కుండీ ఖాళీ అయి ఉండాలి. పెద్ద చెట్లదీ ఇదే కథ. టన్నుల కొద్దీ కలప తయారైన చోట చెట్టు మొదట్లో గొయ్యి పడదు సరికదా, నేల కాస్త ఉబ్బెత్తుగా కూడా ఉంటుంది. మరి ఆ బరువంతా ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

ఈ ప్రశ్నకు తక్కెడతో జవాబు వెతికినవాళ్లలో బాగా పేరుపడినవాడు యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ వైద్యుడు. ఆరబెట్టిన 200 పౌండ్ల మట్టిని ఒక తొట్టిలో పోసి, అందులో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటాడు. ఐదేళ్లపాటు నీళ్లు తప్ప మరేమీ ఇవ్వలేదు. ఐదేళ్లకు చెట్టు 169 పౌండ్లు తూగింది. మట్టిని మళ్లీ ఆరబెట్టి తూస్తే తగ్గింది సుమారు 2 ఔన్సులు, అంటే 60 గ్రాముల లోపే. చెట్టంతా నీళ్లలోంచే పుట్టిందని ఆయన తేల్చేశాడు. ఆయన చనిపోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది.

ఈ ప్రయోగంలో రెండు విచిత్రాలున్నాయి. 'గ్యాస్' అనే మాటను పుట్టించింది ఈ వాన్ హెల్మాంటే. బొగ్గులు కాలినప్పుడు వచ్చే వాయువు, మామూలు గాలి వేరువేరని గుర్తించి, దానికి వేరే పేరు పెట్టింది కూడా ఆయనే. మనం ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దాన్నే. తన చెట్టు బరువులో పెద్ద వాటా ఆ వాయువుదేనని మాత్రం ఆయనకు తట్టలేదు. రెండో విచిత్రం ఆ 2 ఔన్సులు. మొక్కకు మట్టి ఇచ్చేదంతా ఆ కాస్తలోనే ఉంది. ఆ కాస్తా లేకపోతే 169 పౌండ్ల చెట్టే లేదు.

ఆకు, కాండం, వేరు ఏదైనా సరే, తేమంతా పోయేలా ఎండబెట్టి విడదీసి చూస్తే, నూరు గ్రాముల్లో సుమారు 45 గ్రాములు కార్బన్, మరో 45 ఆక్సిజన్, 6 దాకా హైడ్రోజన్ ఉంటాయి. ఇవన్నీ గాలి నుంచి, నీటి నుంచి వచ్చినవే. మిగిలిన నాలుగైదు గ్రాములే మట్టి వాటా. కట్టె కాలిస్తే ఇది కళ్లముందే జరుగుతుంది. గాలిలోంచి వచ్చింది తిరిగి గాలిలో కలుస్తుంది, పొయ్యి అడుగున మిగిలిన పిడికెడు బూడిదే నేల నుంచి వచ్చింది. మట్టి వాటాలో నత్రజని ఒక్కటి మాత్రం బూడిదలో మిగలదు, పొగతోపాటే పోతుంది.

అందుకే ఎరువును 'మొక్కల ఆహారం' అనడం సరికాదు. ఆహారం అంటే ఒంట్లో శక్తికి ఖర్చయ్యేది, ఒళ్లు కట్టుకోవడానికి పనికొచ్చేది. మొక్క యూరియా నుంచో పొటాష్ నుంచో శక్తిని తీసుకోలేదు. దాని తిండి చక్కెర, ఆ చక్కెరను వండుకునేది ఆకు. ఎరువుకు 'బలం' అని వాడుకలో ఉన్న మాట పుస్తకాల మాటకన్నా నయం. కూరకు ఉప్పు ఎంత అవసరమో అంత అవసరం, అలాగని ఉప్పే కూర కాదు.

ఆకులో జరిగేది

కిరణజన్య సంయోగక్రియ అనే పెద్ద పేరు వెనుక రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది వెలుతురును పట్టుకోవడం, రెండోది గాలిని చక్కెరగా మార్చడం. బడిలో ఈ రెంటినీ ఒకే సమీకరణంగా బట్టీ పట్టించడంతో ఒక పొరపాటు చాలామంది మనసులో ఉండిపోతుంది. ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను చీల్చి, కార్బన్‌ను ఉంచుకుని ఆక్సిజన్‌ను వదిలేస్తుందనుకుంటారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలు చాలామంది అనుకున్నదీ ఇదే. 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వాళ్లతో పనిచేసినవాళ్లు మామూలు ఆక్సిజన్ కన్నా బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని నాచుకు ఇచ్చి చూశారు. బయటికొచ్చిన వాయువులో ఆ బరువైన ఆక్సిజనే కనిపించింది. అంటే మనం పీల్చే ప్రాణవాయువు చీలిన నీటి నుంచి వస్తోంది. పత్రహరితంపై వెలుతురు పడగానే అందులోంచి ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీని పూరించడానికి ఆకు నీటి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. మాంగనీసు, కాల్షియం పరమాణువులతో కూడిన ఒక చిన్న గుత్తి ఈ చీల్చే పని చేస్తుంది. ఆ పనిలో మిగిలిపోయే చెత్తే ఆక్సిజన్. భూమ్మీద మనుషులతో సహా ఎన్నో జీవులు ఆ చెత్త మీదే బతుకుతున్నాయి.

ఏ రంగు వెలుతురు ఎక్కువ పనికొస్తుందో 1880లలో థియోడార్ ఎంగెల్‌మాన్ చూసిన తీరు ముచ్చటగా ఉంటుంది. దారంలా ఉండే నాచు పోగు ఒకదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, దాని పొడవునా ఇంద్రధనుస్సు రంగులు పడేలా చేశాడు. ఆ నీటిలో ఆక్సిజన్ ఉన్న చోటికి ఈదుకుంటూ పోయే బాక్టీరియాను వదిలాడు. కాసేపటికి అవి ఎరుపు పడిన చోట, నీలం పడిన చోట గుంపులు కట్టాయి. ఆకుపచ్చ రంగు పడిన చోట పలచగా ఉన్నాయి. కొలిచే యంత్రం ఏదీ లేకుండా బాక్టీరియా చేతే గ్రాఫ్ గీయించాడన్నమాట. దీన్ని పట్టుకుని, ఆకుపచ్చ వెలుతురు ఆకుకు అసలు పనికిరాదనే మాట ఒకటి ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. మందమైన ఆకులో ఆ వెలుతురు పొరల మధ్య అటూ ఇటూ చెదిరి, చాలావరకు లోపలే వాడకమైపోతుంది. ఎరుపు, నీలం రంగుల కన్నా కాస్త ఎక్కువగా తప్పించుకుని బయటికొచ్చేది మాత్రమే మన కంటికి పచ్చగా కనిపిస్తుంది.

పట్టుకున్న శక్తి ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అనే రెండు అణువుల రూపంలోకి మారుతుంది. అది చేతి ఖర్చు డబ్బులాంటిది, ఎక్కువసేపు దాచుకోవడం కుదరదు. వెంటనే చక్కెరలో పెట్టుబడి పెట్టాలి. ఇక్కడే రెండో పని మొదలవుతుంది. ఇందులో ముఖ్యపాత్ర రుబిస్కో అనే ఎంజైమ్‌ది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అణువును పట్టుకుని, ఐదు కార్బన్ల చక్కెర అణువుకు అంటించేది ఇదే. అలా అంటించాక ఏమవుతుందో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ రేడియోధార్మిక కార్బన్ సాయంతో కనిపెట్టారు. క్లోరెల్లా అనే ఏకకణ నాచుకు ఆ కార్బన్‌ను అందించి, కొన్ని సెకన్లకే వేడి ఆల్కహాల్‌లో ముంచేసేవారు. రసాయన చర్య ఎక్కడిదక్కడ ఆగిపోయేది. అప్పటికి కార్బన్ ఏ పదార్థంలోకి చేరిందో చూసి ఒక్కో మెట్టూ వరుసలో పేర్చారు. 1961 నోబెల్ మాత్రం కాల్విన్ ఒక్కడికే దక్కింది. బెన్సన్‌కు అన్యాయం జరిగిందనే మాట ఆ రంగంలో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంత కీలకమైన రుబిస్కో పనితనం మాత్రం అంతంత మాత్రమే. కొన్ని ఎంజైమ్‌లు సెకనుకు లక్షల సార్లు పనిచేస్తాయి. ఇది సెకనుకు పట్టుమని పది అణువులను కూడా పట్టుకోలేదు. పైగా పొరబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ అనుకుని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మామూలు వాతావరణంలో ఇంచుమించు నాలుగైదు సార్లలో ఒకసారి ఇలా జరుగుతుంది. ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. అలా తప్పు జరిగిన ప్రతిసారీ మొక్క ఆ నష్టాన్ని సర్దుకోవడానికి శక్తిని ఖర్చు పెట్టుకోవాలి, ఎప్పుడో కష్టపడి పట్టుకున్న కార్బన్‌లో కొంత వదులుకోవాలి. గాలిలో ఆక్సిజన్ దాదాపు లేని కాలంలో పుట్టిన ఎంజైమ్ ఇది. ఆ రోజుల్లో రెంటికీ తేడా తెలుసుకోవాల్సిన అవసరమే దానికి రాలేదు.

పని నెమ్మదిగా సాగితే ఎవరైనా చేసే పని కూలీల సంఖ్య పెంచడం. మొక్క చేసిందీ అదే. చాలా మొక్కల ఆకుల్లో నీటిలో కరిగే ప్రోటీన్‌లో సగం దాకా రుబిస్కోయే ఉంటుంది. ప్రోటీన్ అంటే నత్రజని కావాలి. ఆకులో ఉన్న నత్రజనిలో దాదాపు మూడొంతులు, ఆకు కణాల్లో ఈ వంట జరిగే హరితరేణువుల్లోనే ఉండటానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. పంటలు నత్రజని కోసం అంతగా ఎందుకు అల్లాడతాయనే ప్రశ్నకు సగం జవాబు మట్టిలో దొరకదు, ఆకులోని ఈ బద్ధకపు ఎంజైమ్ దగ్గరే దొరుకుతుంది. వెలుతురు ధారాళంగా పడుతున్నా, పొలంలోని పంట ఆ శక్తిలో ఒకటి రెండు శాతం మించి పోగు చేసుకోలేకపోవడానికి ఉన్న కారణాల్లోనూ ఇది ఒకటి.

నీళ్లిచ్చి గాలి కొనడం

గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతానికి కాస్త అటూ ఇటూ. పది వేల అణువుల్లో నాలుగంటే నాలుగు. అంత పలచగా ఉన్నదాన్ని లోపలికి రానివ్వాలంటే ఆకు తలుపులు తెరవాలి. ఆ తలుపులే పత్రరంధ్రాలు. చాలా మొక్కల్లో ఒక్కో రంధ్రానికి అటూ ఇటూ చిక్కుడు గింజల్లా వంపు తిరిగిన రెండు కణాలుంటాయి. తెల్లవారి వెలుతురు తగలగానే ఈ కణాలు చుట్టుపక్కల నుంచి పొటాషియాన్ని లోపలికి లాక్కుంటాయి. ఉప్పు వెంట నీరు వస్తుంది. కణాలు ఉబ్బుతాయి. రంధ్రం వైపు గోడ దళసరి, బయటి వైపు గోడ పలచన. అందుకని ఉబ్బినప్పుడు కణం బయటికి వంగి, మధ్యలో సందు ఏర్పడుతుంది. నీటి ఎద్దడి వస్తే వేళ్లలోనూ ఆకుల్లోనూ ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను తయారవుతుంది, పొటాషియం బయటికి పోతుంది, కణాలు వాడి సందు మూసుకుంటుంది. కీళ్లూ కండరాలూ లేవు, నీటి పీడనంతోనే తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. పొటాషియం అందించే ఎరువైన పొటాష్ చాలని పంట ఎండకు తొందరగా వాడిపోవడానికి ఒక కారణం ఇక్కడే ఉంది.

చిక్కేమిటంటే, గాలి లోపలికి వచ్చే దారిలోనే నీరు బయటికి పోతుంది. ఆకు లోపల తేమ నిండుగా ఉంటుంది, బయట పొడి గాలి. మామూలు మొక్క ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును సంపాదించడానికి కొన్ని వందల నీటి అణువులను వదులుకుంటుంది. వేళ్లు పీల్చిన ప్రతి 100 లీటర్లలో 97కు పైగా ఇలా ఆవిరైపోయేవే. ఇంతకన్నా నష్టపు బేరం ఇంకోటి ఉండదు. అయితే ఈ నష్టంలో ఒక లాభం కూడా ఉంది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, సన్నని దారు నాళాల్లోని నీటి పోగు తెగకుండా పైకి లాగబడుతుంది. హెన్రీ డిక్సన్, జాన్ జోలీ 1894లో చెప్పిన సంగతి ఇది. నూరు మీటర్ల చెట్టు కొసకైనా నీరు అలాగే ఎక్కుతుంది. దాంతోపాటు మట్టి ఉప్పులూ ఎక్కుతాయి. పంపు ఏదీ లేదు, కరెంటు బిల్లు సూర్యుడు కడతాడు.

మిట్టమధ్యాహ్నం ఎండకు మొక్క తలుపులు మూసుకుంటే అసలు ఇరకాటం మొదలవుతుంది. నీరు మిగులుతుంది గానీ లోపల కార్బన్ డయాక్సైడ్ అయిపోతూ, ఆక్సిజన్ పేరుకుంటూ ఉంటుంది. రుబిస్కో పొరపాట్లు పెరుగుతాయి. మొక్కజొన్న, జొన్న, చెరకు ఈ ఇరకాటానికి ఒక ఉపాయం కనిపెట్టాయి. ముందుగా పొరపడని వేరే ఎంజైమ్‌తో కార్బన్‌ను పట్టుకుని, ఈనెల చుట్టూ ఉండే ప్రత్యేక కణాల్లోకి తోస్తాయి. రుబిస్కో ఆ గదిలోనే కూర్చుని పనిచేస్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ దట్టంగా ఉంటుంది కాబట్టి పొరబడే అవకాశం తక్కువ. దీన్ని సీ4 పద్ధతి అంటారు. మార్షల్ హాచ్, రోజర్ స్లాక్ 1960లలో చెరకు ఆకులు పరిశీలిస్తూ ఈ దారిని విప్పి చెప్పారు. మొక్కల జాతుల్లో 3 శాతం మాత్రమే ఇలాంటివి. నేల మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు నాలుగో వంతు వీటిదే. వరిలో ఈ ఏర్పాటు లేదు, దాన్ని వరిలోకి తేవాలని ఏళ్ల తరబడి ప్రయత్నాలు సాగుతున్నాయి.

అనాస, కిత్తలి, బ్రహ్మజెముడు జాతులది ఇంకో దారి. అవి పగలు తలుపులు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రంతా పట్టుకున్న కార్బన్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగటి వెలుతురులో తలుపులు మూసుకుని వండుకుంటాయి. అందుకే ఇలాంటి మొక్కల ఆకు తెల్లవారుజామున పుల్లగా, సాయంత్రానికి ఆ పులుపు తగ్గి ఉంటుంది. నీటి పొదుపులో వీటికి సాటి లేదు, పెరుగుదల మాత్రం చాలా మొక్కల్లో నత్తనడకే.

తయారైన చక్కెరలో కొంత సుక్రోజ్‌గా మారి బెరడు లోపలి నాళాల గుండా వేళ్లకు, చిగుళ్లకు, కాయలకు పోతుంది. పేనుబంక తొండం గుచ్చేది ఈ నాళాల్లోకే. మిగతాది పిండిపదార్థంగా పగలంతా ఆకులోనే నిల్వ ఉంటుంది, రాత్రి ఖర్చుకు. ఈ ఖర్చులో మొక్క లెక్క చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై జరిగిన ప్రయోగాల్లో, అది రాత్రంతా ఒకే వేగంతో పిండిని కరిగిస్తూ తెల్లవారేసరికి 95 శాతం దాకా వాడేస్తుందని తేలింది. దీపాలు ముందే ఆర్పేసి రాత్రిని పొడిగిస్తే, ఆ రాత్రే వేగం తగ్గించుకుని మళ్లీ పొద్దుటికి సరిపెట్టింది. అంటే ఉన్న నిల్వను మిగిలిన గంటలతో భాగించే పనేదో ఆకులో జరుగుతోంది. రాత్రిపూట మొక్కలు కార్బన్ డయాక్సైడ్ వదిలి గది గాలిని పాడుచేస్తాయన్న భయం కూడా ఈ ఖర్చు గురించిందే. వదలడం నిజమే, కానీ గదిలో ఉన్న కుండీ మొక్క వదిలేదానికంటే పక్కన పడుకున్న మనిషి వదిలేది చాలా ఎక్కువ.

వేరు తినదు, ఏరుకుంటుంది

1937లో హోవర్డ్ డిట్మర్ అనే పరిశోధకుడు నాలుగు నెలల వయసున్న రై అనే ధాన్యపు మొక్కను ఒక్కదాన్ని మట్టి నుంచి కడిగి తీసి వేళ్లు లెక్కపెట్టాడు. వేళ్ల మొత్తం పొడవు 600 కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. వాటిమీది మూలకేశాలు దాదాపు 1,400 కోట్లు. వాటి పొడవు కలిపితే 10,000 కిలోమీటర్లు దాటింది. అదంతా ఒక చిన్న పెట్టెడు మట్టిలో. మట్టిలో పోషకాలు ఎంత పలచగా ఉంటాయో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

వేరు మట్టినీ మింగదు, పేడనూ మింగదు. నీటిలో కరిగిన ఉప్పుల అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న రేణువులను, ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది. వేరు లోపల నాళాల చుట్టూ ఉన్న కణాల వరుసకు నీరు దూరని పట్టీ ఒకటి అడ్డంగా ఉంటుంది. రాబర్ట్ కాస్పరీ పేరుమీద దాన్ని కాస్పరీ పట్టీ అంటారు. దానివల్ల కణాల సందుల్లోంచి జారిపోయే దారి మూసుకుపోతుంది. లోపలికి పోవాలనుకున్న ప్రతి అయానూ ఏదో ఒక కణం పొర దాటే పోవాలి. ఆ పొర మీద నత్రజనిని మోసుకొచ్చే నైట్రేట్‌కు ఒక ద్వారం, పొటాషియంకు ఒకటి, ఇనుముకు ఇంకొకటి. మట్టిలో పలచగా ఉన్నదాన్ని లోపల చిక్కగా పోగు చేయాలంటే ఊరికే కాదు, శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి ఆకు పంపిన చక్కెరను కాలిస్తేనే వస్తుంది. కాల్చడానికి మట్టి సందుల్లో ఆక్సిజన్ ఉండాలి. చేలో నీళ్లు రోజుల తరబడి నిలిస్తే పంట పసుపు రంగుకు తిరగడానికి కారణం ఇదే. చుట్టూ నీరూ ఉప్పులూ ఉన్నా, ఊపిరాడని వేరు వాటిని అందుకోలేదు. కుండీ మొక్కల్లో చాలావరకు చచ్చేది నీళ్లు చాలక కాదు, ప్రేమ ఎక్కువై పోసిన నీళ్ల వల్ల. వరి ఈ గండం గట్టెక్కింది, దాని కాండంలో వేళ్లదాకా గాలి గొట్టాలుంటాయి.

పోషకాలన్నీ ఒకలా ప్రవర్తించవు. నైట్రేట్ నీటి వెంట చులాగ్గా కదులుతుంది, అంతే చులాగ్గా వానకు కొట్టుకుపోతుంది. భాస్వరం దీనికి పూర్తిగా తిరుగుడు. మట్టి రేణువులకు అతుక్కుని కదలమన్నా కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని లాగేశాక, ఆ ఖాళీలోకి కొత్తది రావడానికి చాలా కాలం పడుతుంది. ఇక్కడ మొక్క సాయం తెచ్చుకుంటుంది. వేరుకన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉండే శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీ దాటి దూరంగా పాకి భాస్వరాన్ని పట్టుకొస్తాయి. బదులుగా మొక్క తన సంపాదనలో కొంత, కొన్ని అంచనాల ప్రకారం ఐదో వంతు దాకా, చక్కెర, కొవ్వుల రూపంలో వాటికి చెల్లిస్తుంది. ఈ పొత్తుకు మైకోరైజా అని 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ పేరుపెట్టాడు. 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఈ పోగులు కనిపించాయి. సరైన వేళ్లు పుట్టకముందే ఈ బేరం మొదలైందన్నమాట. నేలలో భాస్వరం దండిగా ఉంటే మొక్క ఈ పొత్తును తగ్గించుకుంటుంది. అడవిలో చెట్లు ఈ పోగుల గుండా ఒకదానికొకటి తిండి పంపుకుంటాయనీ, తల్లిచెట్టు పిల్లచెట్లను సాకుతుందనీ ఈమధ్య బాగా ప్రచారమైంది. వినడానికి బాగుంటుంది. ఆధారాలు మాత్రం అంత దూరం రావు.

నత్రజని కథ ఇంకా వింత. గాలిలో 78 శాతం అదే. కానీ అందులోని రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగిసి ఉండటంతో ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. సముద్రంలో దాహంతో చావడం లాంటిదే. పప్పుజాతి మొక్కలకు మాత్రం దారి దొరికిందని 1880లలో హెర్మాన్ హెల్‌రీగెల్, హెర్మాన్ విల్‌ఫార్త్ నిరూపించారు. కంది, వేరుశనగ, మినుము వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా నత్రజనిని అమ్మోనియాగా మారుస్తాయి. పూతకొచ్చిన వేరుశనగ మొక్కను పెకిలించి, ఒక బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. మన రక్తంలో ఉన్నదానికి దగ్గరి చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్ అది. నత్రజనిని మార్చే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బాక్టీరియాకేమో ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొలిచినట్టు కొంచెం కొంచెంగా అందిస్తుంది. బుడిపె లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతోంది. ఆకుపచ్చగానో మట్టిరంగులోనో ఉంటే ఆగిపోయింది. పొలంలో నిలబడి చేయగలిగిన పరీక్షల్లో ఇంత చవకైనది, నమ్మదగినది అరుదు.

ఈ పని కూడా ఉచితం కాదు. ఒక్కో నత్రజని అణువును చీల్చడానికి కనీసం 16 ఏటీపీలు కావాలి, వాటి ఖర్చు మొక్క చక్కెరదే. అందుకే నేలలో నైట్రేట్ తేలిగ్గా దొరికితే పప్పుజాతి మొక్క బుడిపెలు కట్టడం మానుకుంటుంది. చవగ్గా దొరుకుతుంటే ఖరీదు పెట్టి ఎవరు కొంటారు? అదే పని ఫ్యాక్టరీలో చేయాలంటే హేబర్-బాష్ పద్ధతిలో 400 డిగ్రీల పైన వేడి, గాలి పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఇప్పుడు ఈ ఫ్యాక్టరీ నత్రజని మీదే ఆధారపడి ఉందని అంచనా.

సేంద్రియ ఎరువా, రసాయన ఎరువా అన్న వాదనలో ఇరువైపులా ఒక సంగతి మరిచిపోతారు. వేరు ముఖ్యంగా పీల్చేది నైట్రేట్‌నూ అమ్మోనియాన్నీ. అవి బస్తాలోంచి వచ్చాయా, కుళ్లిన ఆకుల్లోంచి వచ్చాయా అన్నది దానికి తెలియదు. పశువుల ఎరువులోని నత్రజనిలో ఎక్కువ భాగం సూక్ష్మజీవులు విరగ్గొట్టి ఆ రూపంలోకి తెస్తేనే వేరుకు అందుతుంది. అలాగని రెండూ ఒకటే అనడమూ తప్పే. పశువుల ఎరువు నేలను గుల్లబరుస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది, వేరుకు ఊపిరి అందిస్తుంది, కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. తేడా మొక్క నోటి దగ్గర లేదు, నేల ఒంట్లో ఉంది.

పసుపు రంగు ఆకు చెప్పే సంగతి

మొక్కకు తప్పనిసరి మూలకాలు 17. ఏది తప్పనిసరి అని తేల్చే కొలమానాన్ని 1939లో డేనియల్ ఆర్నన్, పెర్రీ స్టౌట్ ఇచ్చారు. చివరగా 1980లలో నికెల్ ఆ జాబితాలో చేరింది. కావలసిన మోతాదుల్లో తేడా నమ్మశక్యం కాదు. ఒంట్లో ఒక్క మాలిబ్డినం పరమాణువుంటే నత్రజని పరమాణువులు పది లక్షల దాకా ఉంటాయి. కానీ ఆ ఒక్కటీ లేకపోతే నైట్రేట్‌ను వాడకంలోకి తెచ్చే ఎంజైమే పనిచేయదు, పది లక్షలూ వృథా.

ఆకు పసుపు రంగుకు తిరగ్గానే యూరియా చల్లడం అలవాటుగా మారింది. ముందు చూడాల్సింది ఏ ఆకు పసుపు రంగుకు తిరిగిందన్నది. నత్రజని, మెగ్నీషియం, పొటాషియం మొక్కలో కదలగలవు. కొరత వస్తే మొక్క అడుగు ఆకుల నుంచి వాటిని లాగేసి చిగుళ్లకు పంపుతుంది, కాబట్టి ముదురు ఆకులు ముందు దెబ్బతింటాయి. ఇనుము, కాల్షియం, బోరాన్ లాంటివి ఒకసారి చేరిన చోటు నుంచి పెద్దగా కదలవు, కాబట్టి లేత ఆకుల్లో ముందు తెలుస్తుంది. చిగురాకు తెల్లబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది సాధారణంగా ఇనుము లోపం. ఎన్ని యూరియా బస్తాలు చల్లినా తీరదు. చాలాసార్లు నేలలో ఇనుముకు లోటేమీ ఉండదు. క్షారం ఎక్కువైన నేలలో అది కరగక, వేరుకు అందే రూపంలో లేకపోవడమే జబ్బు.

ఆకు చేసే పని, వేరు చేసే పని వేరన్నది దారి తప్పిన మొక్కల్లో ఇంకా బాగా తెలుస్తుంది. పురుగుల్ని పట్టే మొక్కల ఆకులు పచ్చగానే ఉంటాయి, తిండి అవే వండుకుంటాయి. పురుగు నుంచి తీసుకునేది ముఖ్యంగా నత్రజని, భాస్వరాలు, ఎందుకంటే అవి పెరిగే బురద నేలల్లో ఆ రెండూ కరువు. బదనికది దీనికి తలకిందులు. చక్కెర చాలావరకు సొంతంగానే చేసుకుని, నీటినీ ఉప్పులనూ ఆశ్రయమిచ్చిన చెట్టు కొమ్మ నుంచి లాగుతుంది. శ్రీగంధం అదే పని నేల కింద పక్క చెట్ల వేళ్లతో చేస్తుంది. బంగారు తీగ ఆకునూ వేరునూ రెంటినీ వదిలేసింది. పక్క మొక్క కాండంలోకి పీల్చుగొట్టాలు దింపి తిండీ నీరూ అన్నీ అక్కడి నుంచే లాక్కుంటుంది.

మామూలు చెట్టులో ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎంత కట్టుబడి ఉన్నాయో పాతకాలపు ఒక ప్రయోగంలో కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో మార్చెల్లో మాల్పీగీ చేసి చూసిందే ఇది. చెట్టు మాను చుట్టూ ఒక అంగుళం వెడల్పున బెరడు ఒలిచేస్తారు, లోపలి కలపను మాత్రం ముట్టుకోరు. మర్నాడు ఏమీ కాదు. వారానికీ ఏమీ కాదు. నీరు కలప గుండా ఎక్కుతూనే ఉంటుంది, ఆకులు పచ్చగా ఉంటాయి. ఒలిచిన చోటికి పైన మాత్రం బెరడు క్రమంగా ఉబ్బుతుంది. కిందికి దిగాల్సిన చక్కెర అక్కడే ఆగిపోయి పేరుకుంటుంది. కింద వేళ్లు దాచుకున్న పిండితో కొన్ని నెలలు, కొన్ని చెట్లలో ఏడాదికి పైగా నెట్టుకొస్తాయి. చెట్టు మొదలు దగ్గర ఎంత ఎరువు కుప్ప పోసినా అందులో వాటికి తినడానికేమీ ఉండదు. నిల్వ అయిపోయాక వేళ్లు చస్తాయి. ఆకులు ఆ తర్వాతే ఎండుతాయి.